చెవులు చల్లబడే జ్వరం: పాలజ్వరం కథ



ఈసారి పోస్టు కొంచెం పెద్దదే. పాలగేదె ఉన్న ఇంటివాళ్ళు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. పాలజ్వరం గురించి రాస్తున్నాను. మందు పేర్లు చెప్పి వదిలెయ్యకుండా, ఈ జబ్బును మనుషులు ఎట్లా తెలుసుకుంటూ వచ్చారో ఆ చరిత్ర చెప్తాను. "చరిత్ర మాకెందుకయ్యా, గేదె పడిపోతే ఏం చెయ్యాలో చెప్పు చాలు" అంటారేమో. ఏం చెయ్యాలో ఒక్కటే చెప్తే రెండు రోజుల్లో మర్చిపోతాం. ఎందుకు చెయ్యాలో తెలిస్తే అర్ధరాత్రి కంగారులో కూడా గుర్తొస్తుంది.

ముందు పేరు సంగతి. పాలజ్వరం అంటాం గానీ ఇందులో జ్వరం ఉండదు. ఒళ్ళు కాలదు సరికదా, మామూలు కంటే చల్లబడుతుంది. చెవులు పట్టుకుంటే మంచులాగా ఉంటాయి. ఈ పేరు మనం పెట్టింది కాదు. దొరల భాషలో ఉన్నదాన్ని మనవాళ్ళు తెలుగు చేశారు. ఈనిన ఆడమనిషికి వచ్చే బాలింత జ్వరం లాంటిదే ఆవుకీ వస్తుందని యూరపు వాళ్ళు అప్పట్లో అనుకున్నారు. అట్లా ఇంగ్లీషులోనూ, జర్మన్‌లోనూ పేర్లో జ్వరం చేరింది. తర్వాత అది జ్వరం కాదని తేలింది. జబ్బు అర్థమైనా పేరు మారలేదు. ఆ పేరు చూసి ఈ రోజుకీ మన పల్లెల్లో ఈనిన గేదె పడిపోతే ముందు జ్వరం సూది వేయించే ఇళ్ళున్నాయి. ఆ సూదితో గేదె లేవదు. పోయేది ఆ రెండు మూడు గంటల టైము. ఈ జబ్బులో ఆ గంటలే ప్రాణం.

పాలతో పాటు వచ్చిన జబ్బు

మా తాతల కాలంలో ఈ జబ్బు మాట పెద్దగా వినపడేది కాదు. దానికి కారణం ఉంది. అప్పటి నాటు ఆవు దూడ తాగగా పూటకు లీటరో లీటరున్నరో ఇచ్చేది. మన ఒంగోలు జాతిని పెంచిందే దుక్కికి, బండికి. పాలు తక్కువ ఇచ్చే పశువుకు ఈ జబ్బు రావడం చాలా అరుదు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది, పాల కేంద్రాలు ఊరూరా వచ్చాయి, ముర్రా దున్నలు వచ్చాయి, జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం సూదులు వచ్చాయి. పూటకు ఐదారు లీటర్లు ఇచ్చే పశువు మన కొట్టంలోకి వచ్చింది. దాని వెనకే పాలజ్వరం కూడా వచ్చింది.

యూరపులోనూ ఇదే వరస. ఈ జబ్బును గురించి మొదటి రాతలు 18వ శతాబ్దం చివర్లో, 1793 ప్రాంతంలో జర్మనీలో కనపడతాయి. 19వ శతాబ్దంలో పట్నాలు పెరిగి, పాలకు గిరాకీ పెరిగి, ఎక్కువ పాలిచ్చే ఆవులనే ఏరి ఏరి పెంచడం మొదలుపెట్టాక ఇది ఇంటింటి బాధ అయిపోయింది. మందలో ఉన్నవాటిలో అన్నిటికంటే మంచి ఆవే పడిపోయేది. బక్కది, తక్కువ పాలది బాగానే తిరిగేది. అందుకే రైతులకు దీని మీద అంత భయం. ఇప్పుడు మనకూ అంతే కదా. లక్ష పెట్టి కొన్న గేదె, మూడో ఈత, దూడ బాగుంది, జున్నుపాలు తీశాం, ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం. తెల్లారేసరికి అది లేవదు.

నూరేళ్ళు చీకట్లో

ఏం జరుగుతుందో తెలియని ఆ రోజుల్లో చెయ్యని వైద్యం లేదు. జ్వరం అనుకుని నరం కోసి రక్తం తీశారు. వీపు మీద ఘాటు మందులు పూసి బొబ్బలెక్కించారు. భేది మందులు, సారాయి గొంతులో పోశారు. మన దగ్గర వాతలు పెట్టలేదా, దిష్టి తియ్యలేదా? అక్కడా ఇక్కడా అందరిదీ అదే చీకటి. వైద్యం చేసినా చెయ్యకపోయినా పదింటిలో ఆరేడు చచ్చిపోయేవి. గొంతులో మందు పోసినవాటిలో కొన్ని జబ్బుతో కాక ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవి. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

దారి కనపడింది డెన్మార్క్‌లో. అది మన జిల్లాలు కొన్ని కలిపితే అయ్యేంత చిన్న దేశం. అక్కడి రైతులు 1882లో యెడ్డింగ్ అనే ఊళ్ళో మొదటి సహకార పాల కేంద్రం పెట్టుకున్నారు. కొన్నేళ్ళలోనే దేశమంతా అట్లాంటివి లేచాయి, వెన్న ఇంగ్లాండుకు ఎగుమతి అయ్యేది. రైతు బతుకంతా ఆవు పొదుగు మీద నిలబడింది. అట్లాంటి చోట పాలజ్వరం అంటే కొంప మునిగినట్టే.

అక్కడ కోల్డింగ్ అనే ఊళ్ళో ష్మిట్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. జబ్బు ఈనగానే వస్తోంది, ఎక్కువ పాలు ఇచ్చే ఆవుకే వస్తోంది, కాబట్టి విషం ఏదో పొదుగులోనే తయారవుతోందని ఆయన అనుకున్నాడు. 1897లో పొటాషియం అయొడైడ్ అనే మందును నీళ్ళలో కలిపి చన్నుల గుండా పొదుగులోకి ఎక్కించాడు. చావు ఖాయమనుకున్న ఆవులు చాలావరకు లేచి నిలబడ్డాయి. ఈ వార్త కొద్ది కాలంలోనే దేశాలన్నీ పాకింది.

తర్వాత ఇంకో విచిత్రం జరిగింది. పొదుగులోకి ఏ మందు ఎక్కించినా పని చేస్తోంది. 1901 నాటికి డెన్మార్క్‌లోనే ఆండర్సన్ అనే ఇంకో డాక్టరు మందే లేకుండా ఉత్త గాలి కొట్టి చూశాడు. అది అన్నిటికంటే బాగా పని చేసింది! పొదుగు బిర్రుగా అయ్యేదాకా గాలి కొట్టి, గాలి పోకుండా చన్నులకు గుడ్డపీలికలు కడితే కొన్ని గంటల్లో ఆవు లేచేది. పల్లెల్లో సైకిలు పంపుతో కూడా కొట్టేవాళ్ళు. పదింటిలో ఆరేడు చచ్చే జబ్బులో చావులు నూటికి ఒకటి రెండుకు పడిపోయాయని అప్పటి లెక్కలు.

గాలి ఎందుకు పని చేస్తోందో మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ సరిగా తెలియలేదు. ష్మిట్ అనుకున్న విషం పొదుగులో లేదు. ఆయన ఆలోచన తప్పు, ఆయన చెయ్యి పెట్టిన చోటు మాత్రం సరైనదే.

కుక్క చెప్పిన రహస్యం

అసలు కారణం తేలడానికి దారి కుక్కల దగ్గర నుంచి వచ్చింది. మన మెడలో, పశువుల మెడలో, థైరాయిడ్ పక్కన గింజలంత చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని తీసేస్తే కుక్కలు కొయ్యబారి, వణికి, ఫిట్స్ వచ్చి పడిపోతాయని డాక్టర్లకు ముందే తెలుసు. 1909లో అమెరికాలో మెక్‌కాలమ్, వోయెగ్ట్లిన్ అనే ఇద్దరు, అట్లా పడిపోయిన కుక్కల రక్తంలో కాల్షియం తగ్గిపోతోందని, కాల్షియం ఎక్కిస్తే ఫిట్స్ ఆగిపోతున్నాయని చూపించారు.

ఈ సంగతి పట్టుకుని ఆవు దగ్గరికి వచ్చింది స్కాట్లాండ్ వాళ్ళు. అక్కడ ఇంకో విషయం మనం గమనించాలి. పశువుల జబ్బుల మీద పరిశోధన చెయ్యడానికి స్కాట్లాండ్ రైతులు 1920లో తామే ఒక సంఘం పెట్టుకున్నారు. ఎడింబరో దగ్గర ఉన్న మోర్‌డన్ సంస్థ అట్లా పుట్టిందే, ఇప్పటికీ నడుస్తోంది. 1925లో ఎడింబరోలో డ్రయర్, గ్రెగ్ అనే ఇద్దరు, ఆవుకు వచ్చే పాలజ్వరం కూడా ఆ కుక్కలకు వచ్చినలాంటిదే, రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం అయ్యుండాలి అని రాశారు. అదే సంవత్సరం లిటిల్, రైట్ అనేవాళ్ళు పాలజ్వరం వచ్చిన ఆవుల రక్తం కొలిచి, కాల్షియం బాగా పడిపోయిందని లెక్కతో చూపించారు.

నరంలోకి ఎక్కిస్తే పశువు తట్టుకునే కాల్షియం మందు దొరకడానికి ఇంకో అయిదారేళ్ళు పట్టింది. 1930 నుంచి గ్రెగ్ కాల్షియం గ్లూకోనేట్ వాడాడు. తర్వాత కొన్నేళ్ళకు అది నీళ్ళలో బాగా కరిగేలా బోరిక్ ఆమ్లంతో కలిపి కాల్షియం బోరోగ్లూకోనేట్ చేశారు. మన డాక్టరు గేదె మెడ నరానికి వేలాడదీసే సీసా ఆ మందే. తొంభై ఏళ్ళుగా దాన్ని మించింది రాలేదు.

గాలి కథ కూడా అప్పుడే తేలింది. పొదుగు గాలితో బిర్రుగా ఉంటే కొత్తగా పాలు దిగవు. పాలు దిగకపోతే రక్తంలోని కాల్షియం పాలలోకి పోదు. కారడం ఆగిపోతే గేదె తనను తాను నింపుకుంటుంది. ఇంతే రహస్యం. ఇప్పుడు మాత్రం గాలి కొట్టకండి. శుభ్రం లేని పంపుతో పొదుగువాపు వచ్చి చన్ను పోతుంది. సీసా దొరుకుతున్న రోజుల్లో పంపుతో పని లేదు.

లెక్క చూడండి

మామూలుగా ఆవు రక్తంలో నూరు మిల్లీలీటర్లకు 9, 10 మిల్లీగ్రాముల కాల్షియం తిరుగుతుంటుంది. పెద్ద ఆవు మొత్తం రక్తంలో ఒక్కసారిగా తిరిగేది సుమారు మూడు గ్రాములే. లీటరు జున్నుపాలలో రెండు గ్రాములకు పైనే ఉంటుంది. పది లీటర్ల జున్నుపాలు తీస్తే ఇరవై గ్రాములకు పైగా బయటికి పోయినట్టు. జేబులో మూడు రూపాయలు ఉన్నవాడి దగ్గర ఇరవై అడిగినట్టే.

మరి గేదె దగ్గర కాల్షియం లేదా? కావలసినంత ఉంది, ఎముకల్లో. కాకపోతే అది బ్యాంకులో ఉన్న డబ్బులాంటిది. చూడి నెలల్లో బ్యాంకు తలుపు మూసి ఉంటుంది. ఈనగానే మెడలోని ఆ చిన్న గ్రంథులు తలుపు తియ్యమంటాయి. తెరుచుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఆలస్యం. అందుకే మొదటి ఈతలో ఇది అరుదు, మూడో ఈత నుంచి ఎక్కువ. అందుకే ఈనిన తర్వాత మొదటి మూడు రోజులు గండం.

ఇంటి కుక్క సంగతి

కుక్క వల్ల తెలిసిన జబ్బు కాబట్టి కుక్క మాట కూడా చెప్పాలి. ఇంట్లో ఆడకుక్కను పెంచుకునే వాళ్ళకు ఇది పనికొస్తుంది. ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పిల్లలు బాగా పాలు లాగుతున్నప్పుడు, ముఖ్యంగా చిన్న జాతి కుక్క, కుదురు లేకుండా తిరుగుతుంది, రొప్పుతుంది, కాళ్ళు కొయ్యబారి నడుస్తుంది, తర్వాత వణుకు, ఫిట్స్. గేదె చల్లబడి మెత్తబడి పోతే, కుక్క బిగుసుకుని ఒళ్ళు కాలిపోతుంది. రెండింటిలో లోటు ఒకటే, కాల్షియం. చూడగానే పిచ్చి లేచిందని కొట్టి చంపకండి. అట్లాగని నోట్లో చెయ్యీ పెట్టకండి. పిల్లలను వెంటనే వేరు చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సూది పడితే చాలావరకు ఆ పూటే కోలుకుంటుంది.

గుర్తు పట్టడం

గేదె దగ్గరికి వద్దాం. జబ్బు మూడు మెట్లలో దిగుతుంది.

మొదటి మెట్టులో ఇంకా నిలబడే ఉంటుంది. మేత మానేస్తుంది, బెదురుతుంది, తొడల కండలు అదురుతాయి, వెనక కాళ్ళు తడబడతాయి. ఈ మెట్టు గంటా రెండు గంటలే ఉంటుంది. చాలామంది కంట పడదు.

రెండో మెట్టులో కూలబడుతుంది. తల తిప్పి డొక్క మీద పెట్టుకుంటుంది, లాగి ముందుకు పెట్టినా మళ్ళీ అక్కడికే పోతుంది. చెవులు, కాళ్ళ చివర్లు చల్లన. ముట్టె ఎండిపోతుంది. నెమరు లేదు, పేడ లేదు. కళ్ళు మసకగా నిలబడిపోతాయి.

మూడో మెట్టులో పక్కకు వాలి కాళ్ళు చాపేస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, పిలిచినా తాకినా తెలివి ఉండదు. ఇక్కడిదాకా వస్తే మిగిలింది కొద్ది గంటలే.

ఇంట్లో ఒక థర్మామీటరు పెట్టుకోండి. వంద రెండొందల్లో దొరుకుతుంది. ఆసనంలో పెట్టి చూస్తే గేదెకు మామూలుగా 101, 102 డిగ్రీలు ఉంటుంది. ఈనిన గేదె పడిపోయి వేడి అంతకంటే తక్కువ ఉంటే ముందు పాలజ్వరాన్నే అనుమానించండి. గొంతువాపు లాంటి జబ్బయితే 104 దాటి కాలిపోతుంది, గొంతు వాచి గురక వస్తుంది. పొదుగువాపు, గర్భసంచి చీము అయినా గేదె కూలబడొచ్చు. ఏదో తేల్చాల్సింది డాక్టరే. ఫోనులో మీరు చెప్పే మాట మాత్రం పనికొస్తుంది: "ఈని ఎన్ని గంటలైంది, ఎన్నో ఈత, చెవులు చల్లగా ఉన్నాయి, వేడి ఇంత."

డాక్టరు వచ్చేలోపు

పక్కకు పడుకోనివ్వకండి. రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా ఎండుగడ్డి మోపులో ఇసుక బస్తాలో ఆనించండి. పక్కకు వాలితే పొట్టలోని గాలి బయటికి రాక ఉబ్బుతుంది, మేత గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నోట్లో ఏమీ పొయ్యకండి. కల్లు, నూనె, కషాయం, కాల్షియం టానిక్కు, ఏదీ వద్దు. ఈ జబ్బులో మింగే శక్తి పోతుంది. గొట్టంతో పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నూరేళ్ళ కిందట యూరపులో ఆవులు ఎట్లా చచ్చేవో పైన చెప్పాను కదా, అదే ఇది.

పాలు పితకకండి. పొదుగు నిండి ఉంటే బరువు తగ్గుతుందని పూర్తిగా పిండేస్తారు కొందరు. అది ఉన్న మూడు రూపాయలూ లాక్కోవడమే.

కింద గడ్డి మందంగా వెయ్యండి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. 1982లో అమెరికాలో ఆవులకు మత్తిచ్చి, ఒక కాలు కింద మడిచి ఆరు నుంచి పన్నెండు గంటలు కదలకుండా ఉంచి చూశారు. సుమారు సగం ఆవులు తర్వాత లేవలేకపోయాయి. వాటికి జబ్బేమీ లేదు, సొంత బరువుకే కండ నలిగిపోయింది. గచ్చు మీద పడిన గేదెకు కాల్షియం ఎక్కించినా ఒక్కోసారి లేవకపోవడానికి కారణం ఇదే.

సీసా మీరు ఎక్కించకండి. కాల్షియం నరంలోకి తొందరగా పోతే గుండె ఆగిపోతుంది. డాక్టరు గుండె వింటూ మెల్లగా ఎక్కించాల్సిన మందు అది. సరిగ్గా ఎక్కితే సీసా అయ్యేలోపే త్రేన్పు వస్తుంది, ఒళ్ళు వణుకుతుంది, పేడ వేస్తుంది, చాలావాటికి కాసేపట్లో లేచే బలం వస్తుంది. లేచింది కదా అని నిశ్చింతగా పడుకోకండి. నాలుగింటిలో ఒకదానికి ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ రావచ్చు. ఆ రెండు రోజులూ పాలు పూర్తిగా పిండకుండా ఉండండి. దూడకు కావలసిన జున్నుపాలు మాత్రం ఈనిన గంటా రెండు గంటల్లోనే తాగించాలి, అందులో రాజీ లేదు.

రాకుండా చూసుకోవడం

ఇక్కడే మన తెలివి బోల్తా కొట్టేది. కాల్షియం తగ్గి వచ్చే జబ్బు కదా, చూడి గేదెకు నెల ముందు నుంచి కాల్షియం దండిగా పోద్దాం అనుకుంటాం. 1954లో కాలిఫోర్నియాలో బోడా, కోల్ అనేవాళ్ళు ఇది తిరగబడుతుందని చూపించారు. ఈనే ముందు కాల్షియం తక్కువ మేత పెట్టిన ఆవులకే పాలజ్వరం తగ్గింది. బయట నుంచి ఊరికే వస్తుంటే బ్యాంకు తలుపు తెరిచే అలవాటు తప్పిపోతుంది. తర్వాత 1960, 70లలో నార్వేలో, ఈనే ముందు కొన్ని రకాల లవణాలు మేతలో కలిపితే ఎముకల నుంచి కాల్షియం తేలిగ్గా కదులుతుందని కనుక్కున్నారు. ఆ లవణాలు ఇప్పుడు మన దగ్గర కూడా దొరుకుతున్నాయి, డాక్టరును అడిగి వాడండి. ఈనే ముందు మూడు నాలుగు వారాలు సొంతంగా కాల్షియం టానిక్కు పొయ్యకండి, లూసర్న్ లాంటి పప్పుజాతి పచ్చిమేత తగ్గించండి. ఈనిన తర్వాత ఇచ్చే కాల్షియం వేరు సంగతి. అది పనికొస్తుంది, అయితే గేదె నిలబడి మింగగలిగినప్పుడే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు ఉంది. మీ పశువుల డాక్టరు నంబరు, ఈ నంబరు కొట్టం గోడ మీద సున్నంతో రాసి పెట్టండి. ఈనిన గేదె దగ్గర మొదటి మూడు రాత్రులు ఎవరో ఒకరు లేచి చూడండి. చెయ్యి చాపి చెవి పట్టుకుంటే చాలు. వెచ్చగా ఉంటే మళ్ళీ పడుకోండి. చల్లగా ఉండి, మేత మానేసి ఉంటే తెల్లారనివ్వకుండా ఫోను తియ్యండి.

ఒకప్పుడు మందు తెలియక నూరేళ్ళు పశువులు పోయాయి. ఇప్పుడు మందు తెలిసి తొంభై ఏళ్ళయింది. ఈ రోజు మన ఊళ్ళో పాలజ్వరంతో గేదె పోతే అది సీసా ఆలస్యంగా అందినందువల్లే ఎక్కువ. ఆ ఆలస్యంలో సగమైనా మన చేతిలో ఉంది. పాడి ఉన్న పక్కింటివాళ్ళకు కూడా ఈ నాలుగు మాటలు చెప్పండి.

ఉంటాను.